నల్లగొండ నీళ్లు, ఊక బొగ్గు, రొయ్య పెంకు

వరి ఊకను గాలి సరిగా ఆడని బట్టీలో కాల్చి బొగ్గు చేయాలి. ఆ బొగ్గును నూటికి ఒక పాలు పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన నీళ్లలో నాననిచ్చి, కడిగి, నూటికి రెండు పాళ్ల పటిక నీళ్లలో రాత్రంతా ఉంచాలి. తెల్లారి తీసి గొట్టంలో నింపి, దాని మీదుగా బావి నీళ్లు పారించాలి. 1950ల తొలినాళ్లలో ఫ్లోరైడ్ నీళ్ల కోసం మన దేశంలో కనిపెట్టిన తయారీ ఇది. కిలో బొగ్గు 320 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుందని అప్పుడే లెక్క తేల్చారు.

నేను నల్లగొండ జిల్లాలో నీటి పరీక్షల ల్యాబులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. ఇప్పుడు యూనివర్సిటీల నుంచి వస్తున్న పరిశోధనా వ్యాసాలు ఓపిక ఉన్నంతవరకు చదువుతుంటాను. వాటిలో ఎక్కువగా కనిపించే మాట బయోపాలిమర్ కార్బన్ కాంపోజిట్. బయోపాలిమర్ అంటే చెట్టో జంతువో తన ఒంట్లో తయారుచేసుకున్న పొడవాటి గొలుసు పదార్థం: చెక్కలో సెల్యులోజ్, రొయ్య పెంకులో కైటిన్, సముద్రపు నాచులో ఆల్జినేట్. దాన్ని బొగ్గుతోనో, బొగ్గు జాతికే చెందిన గ్రాఫీన్‌తోనో జతచేసి, అవసరమైతే ఒక లోహాన్ని కూడా ఎక్కించి, నీళ్లలోని విషాన్ని పట్టించడం. ఆ వ్యాసాల ముందుమాటలు చదివితే ఈ ఆలోచన ఈ శతాబ్దంలోనే పుట్టిందనిపిస్తుంది. పటిక పట్టించిన ఊక బొగ్గులో దాని మూలసూత్రం మొత్తం ఉంది. చవకగా దొరికే ఒక పంట వ్యర్థం చోటు ఇస్తుంది, దాని మీద కూర్చున్న లోహం విషాన్ని పట్టుకుంటుంది. ఈ దారిలో మన దేశం వేసిన తొలి అడుగుల వెనక మన పల్లెల వంకరపోయిన కాళ్లున్నాయి. అందుకే ఈ చరిత్ర తెలుగులో రాసి ఉండాలని నా కోరిక.

అంతకుముందు మనవాళ్లు నీళ్లు శుభ్రం చేసుకోలేదని కాదు. మా నాయినమ్మ వానాకాలంలో చెరువు నీళ్లు తెచ్చినప్పుడు కుండ లోపలి గోడకు చిల్లగింజను రుద్ది, ఆ మీదట నీళ్లు పోసేది. కాసేపటికి మన్నంతా అడుగుకు దిగి, పైన తేట నిలిచేది. సుశ్రుత సంహితలో నీళ్లను తేటపరిచే వస్తువుల జాబితా ఒకటి ఉంది. చిల్లగింజ, గోమేదికం, తామర దుంప, నాచు వేరు, గుడ్డ, ముత్యం, స్ఫటికం. వాటిలో మొదటి పేరు చిల్లగింజదే. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో బావిలో వేయవలసిన పొడి చెబుతూ తుంగముస్తలు, వట్టివేరు, ఉసిరికలతో పాటు దీన్నీ చేర్చాడు. మట్టి రేణువులన్నిటి మీదా రుణావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లలో తేలుతూనే ఉంటాయి. గింజలోని జిగురు గొలుసులు వాటిని గుంపుగా కట్టి బరువెక్కించి కిందికి దింపుతాయి. బయోపాలిమర్‌తో నీళ్లు శుద్ధి చేయడమంటే ఇదే. మా నాయినమ్మకు ఆ పేరు తెలియదు, పని తెలుసు.

కానీ చిల్లగింజ పనంతా కంటికి కనిపించే మురికి మీదే. నల్లగొండ బావి నీళ్లు ఏ గింజా రుద్దకుండానే తేటగా ఉండేవి. తాగితే తియ్యగానే ఉండేవి. ఆ తేటలోనే చెరుపు ఉందని ఎవరికి తోస్తుంది? మా మేనత్త మెడ తిప్పలేకపోయేది, ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తంగా తిరిగి చూసేది. పిల్లల పండ్ల మీద గోధుమరంగు చారలుంటే గారపండ్లు అని వదిలేసేవాళ్లం. ఊరి తీరే అంత అనుకున్నాం.

పండ్ల మీది ఆ చారలకు కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని తేలింది 1931లో, అమెరికాలో. అల్యూమినియం కంపెనీ ఆల్కోవాలో రసాయన శాస్త్రవేత్త అయిన చర్చిల్ ఆ చారలున్న ఊళ్ల నీళ్లను పరీక్షించి కనిపెట్టాడు. ఆరేళ్ల తర్వాత, 1937లో, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా పల్లెల్లో ఇదే ఫ్లోరైడ్ ఎముకల్ని బిగుసుకుపోయేలా చేస్తోందని ప్రకటించారు. మనుషుల కంటే ముందు ఎడ్లు నడవలేకపోవడం రైతులు గమనించారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లిన కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదిక తెలుగు పల్లెల నుంచే వెళ్లింది. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ రాసిన వ్యాసంతో నల్లగొండ పేరు ప్రపంచానికి తెలిసింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మా జిల్లా పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుకునే జబ్బు గురించి లాన్సెట్‌లో రాశారు. మా తేటనీటి బావుల కథ లండన్ పత్రికల్లో అచ్చయింది, మా ఊళ్లకు మాత్రం చాలా ఏళ్లు ఆ కబురే రాలేదు.

నల్లగొండ కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ ఖనిజాలు నీళ్లలో మెల్లగా కరుగుతాయి. వాన తక్కువైన నేల. నీళ్లు రాతి పగుళ్లలో ఎక్కువకాలం నిలిచి ఉంటాయి. చెరువులు, మోటబావులు పోయి లోతు బోర్లు వచ్చాక ఆ పాత నీళ్లే బిందెల్లోకి వచ్చాయి. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనిచోట ఒకటిన్నర దాకా చెల్లుతుందని మన ప్రమాణం. నాలుగు, అయిదు, ఎనిమిది మిల్లీగ్రాములున్న సీసాలు నా బల్ల మీదికి మామూలుగా వచ్చేవి. నేను చేరిన కొత్తలో జిర్కోనియం అలిజరిన్ రంగుతో చూసేవాళ్లం. గులాబీ రంగు పసుపులోకి ఎంత జారితే ఫ్లోరైడ్ అంత ఎక్కువ. రంగు కుదురుకోవడానికి గంట ఆగాలి. ఆ గంటసేపూ సీసా తెచ్చిన మనిషి తలుపు దగ్గరే నిలబడేది. "కాగబెడితే పోతదా సారూ?" అని అడగని తల్లి లేదు. కాగబెడితే నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ తగ్గదు. ఆ మాట చెప్పడం నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని.

మరి బొగ్గుతో పోదా? ఈ ప్రశ్న చదువుకున్నవాళ్లు అడిగేవాళ్లు. బొగ్గుకు నీళ్ల శుద్ధిలో ఘనమైన చరిత్రే ఉంది. 1785లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మందుల తయారీ చేసే లోవిట్జ్ బొగ్గుపొడి ద్రావణాల రంగును పీల్చేస్తుందని కనిపెట్టాడు. దూరప్రయాణపు ఓడల్లో మురిగిన తాగునీళ్లను బాగుచేయడానికీ దాన్ని వాడమన్నాడు. తర్వాతి శతాబ్దంలో యూరప్ చక్కెర మిల్లులు ఎముకల బొగ్గుతో పానకాన్ని తెల్లబరిచాయి. 1900 ప్రాంతంలో ఆస్ట్రేయ్‌కో పేటెంట్లతో, ఆవిరితోనూ లోహ లవణాలతోనూ బొగ్గుకు సన్నని రంధ్రాలు తెరిపించే పద్ధతి కుదిరింది. 1915 ఏప్రిల్ 22న ఈప్ర్ యుద్ధభూమిలో క్లోరిన్ వదిలిన తర్వాత విషవాయువు ముసుగుల కోసం ఈ బొగ్గు టన్నుల లెక్కన కావలసి వచ్చింది. గట్టి బొగ్గు కొబ్బరి చిప్ప నుంచి వస్తుందని తెలిసి, అమెరికాలో కొబ్బరి చిప్పలూ పీచ్ పండ్ల టెంకలూ జనం దగ్గర సేకరించారు. మంచి ఉత్తేజిత బొగ్గు ఒక్క గ్రాములో లోపలి గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్లు వస్తుంది, అంటే మా లెక్కలో దాదాపు పది గుంటల నేల.

ఇంత నేల ఉన్నా ఫ్లోరైడ్‌కు అందులో చోటు దొరకదు. బొగ్గు రంగుల్ని, వాసనల్ని, పురుగుమందుల్ని, నూనె గుణమున్న వాటిని పట్టుకుంటుంది. ఫ్లోరైడ్ చిన్న అయాను. దాన్ని నీటి అణువులు చుట్టూ గట్టిగా కమ్ముకుని ఉంటాయి. అది బొగ్గును దాటి వెళ్లిపోతుంది. 1934లోనే మెక్కీ, జాన్‌స్టన్ అమెరికాలో దీన్ని ప్రయత్నించి చూశారు. పీహెచ్ మూడుకు దిగితేనే బొగ్గు బాగా పనిచేసింది. అంత పులిసిన నీళ్లు ఎవరూ తాగరు. అందుకే బొగ్గు మీద పటిక ఎక్కించడం నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు. పటికలోని అల్యూమినియానికి ఫ్లోరైడ్ అంటే మహా ఇష్టం. ఊక బొగ్గు దానికి ఆసరా ఇచ్చింది, నీళ్లను పులిపించే పని తప్పింది. పీహెచ్ ఏడు దగ్గరే, అంటే మామూలు నీళ్లలోనే, అది బాగా పట్టేది.

అయితే ఆ 320 మిల్లీగ్రాముల లెక్కను ఒక ఇంటికి అన్వయించి చూడండి. లీటరుకు అయిదు మిల్లీగ్రాములున్న నీళ్లను ఒకటికి దించాలంటే ప్రతి లీటరులో నాలుగు మిల్లీగ్రాములు తీయాలి. కిలో బొగ్గు 80 లీటర్లకు సరిపోతుంది. తాగడానికి, వండడానికి రోజుకు 40 లీటర్లు కావలసిన ఇంట్లో అది రెండు రోజుల ముచ్చట. మూడో రోజున మళ్లీ పటిక నీళ్లలో నానబెట్టాలి. పొలం పనికి పోయే ఆడమనిషి ఆ పని ఎప్పుడు చేస్తుంది? కాఫీ పిప్పి, పత్తి వ్యర్థం, కొబ్బరి వ్యర్థాలతో కూడా బొగ్గులు చేసి చూశారు. అవేవీ ల్యాబు గోడలు దాటలేదు.

నాగపూర్‌లోని నీరి సంస్థ దీన్ని అక్కడితో వదల్లేదు. రంపపు పొట్టును గంధకామ్లంతో సల్ఫొనేట్ చేసి, రెండు శాతం పటిక పట్టించి డిఫ్లోరాన్-1 అని పేరు పెట్టారు. చెక్కపొట్టు అంటే సెల్యులోజ్, లిగ్నిన్. బయోపాలిమర్‌కు లోహాన్ని జతచేయడం ఇది. పని చేసింది, కానీ నీళ్లు సాఫీగా దిగేవి కావు, పొట్టు రాసుకుని అరిగి కొట్టుకుపోయేది. 1968లో దాని బదులు సల్ఫొనేట్ చేసిన బొగ్గుతో డిఫ్లోరాన్-2 వచ్చింది. అది గట్టిది, ఏళ్ల తరబడి నిలిచేది. ఫ్లోరైడ్‌ను చక్కగా తీసేది. ఆగింది ఎక్కడంటే, ఫ్లోరైడ్‌తో నిండిన బొగ్గు పడకను పటికతో కడిగి మళ్లీ తయారుచేయడానికి పని తెలిసిన మనిషి పల్లెలో లేకపోవడం దగ్గర. డిఫ్లోరాన్ పేరు ఇప్పటి కాంపోజిట్ వ్యాసాల్లో నాకెక్కడా తగల్లేదు. తగిలితే బాగుండు, ఎందుకంటే అది చెడింది రసాయనంలో కాదు.

పల్లెకు వడపోత పడకలు వద్దు, బకెట్‌లోనే అయిపోవాలన్న పట్టుదల నుంచి పుట్టింది నల్లగొండ పద్ధతి. 1975లో నీరి శాస్త్రవేత్తలు దాని వివరాలు ప్రచురించారు. 40 లీటర్ల బకెట్‌కు అడుగు నుంచి కాస్త ఎత్తులో కుళాయి. నీళ్లలో పటిక, దానిలో ఇరవయ్యో వంతు సున్నం, చిటికెడు బ్లీచింగ్ పౌడర్. పది నిమిషాలు మెల్లగా కలిపి గంట ఆగితే తెల్లటి మడ్డి ఫ్లోరైడ్‌ను మోసుకుని అడుగుకు దిగుతుంది. తూర్పు ఆఫ్రికా ఊళ్లలో కూడా నల్లగొండ పేరుతోనే దీన్ని వాడారు. మా జిల్లా పేరు ఒక రోగానికే కాక ఒక మందుకు కూడా పెట్టారని నాకు గర్వం. అయినా ఫ్లోరైడ్ ఎక్కువైన కొద్దీ పటిక ఎక్కువ పోయాలి. రుచి మారేది. నీళ్లలో అల్యూమినియం మిగిలే భయం ఉండేది. రోజూ మడ్డిని ఎక్కడ పోయాలో తెలియక పెరటి గోడ పక్కన పోసేవాళ్లు. నేను చూసిన ఒక ఊళ్లో పెద్ద ట్యాంకుతో కట్టిన ప్లాంటు తాళం పడి, గేటు మీదికి కాకరతీగ పాకింది. మోటారు కాలిపోయాక బాగుచేయించే బాధ్యత ఎవరిదో తేలలేదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. అది తమాషా కోసం చేసింది కాదు. జలసాధన సమితి పిలుపుతో ఫ్లోరైడ్ ఊళ్ల జనం తమ పేర్లు వేసుకుని కృష్ణా నీళ్లు అడిగారు. బకెట్, బొగ్గు, పటిక అన్నీ చూశాక జనం చెప్పిన జవాబు అది: మాకు నది నీళ్లు కావాలి. ఆ జవాబు సరైనదే. 2016లో మొదలైన మిషన్ భగీరథ గొట్టాల్లో కృష్ణా, గోదావరి నీళ్లు ఇళ్లకు వచ్చాయి. వంగిన ఎముకలు నిటారు కావు, కానీ కొత్త తరం పిల్లల పండ్లు తెల్లగా కనిపిస్తున్నాయి.

రొయ్య పెంకు కథ ఈ పోరాటానికి దూరంగా, వేరే దారిన నడుస్తూ వచ్చింది. 1811లో ఫ్రాన్సులోని నాన్సీలో బ్రాకొన్నో అనే ఆయన పుట్టగొడుగుల నుంచి ఒక మొండి పదార్థాన్ని వేరుచేశాడు. పన్నెండేళ్ల తర్వాత ఓడియే పురుగుల రెక్కల్లో అలాంటిదే చూసి కైటిన్ అన్నాడు. 1859లో రూజె దాన్ని గాఢ క్షారంలో ఉడికిస్తే పలుచని ఆమ్లంలో కరిగే గుణం వస్తుందని గమనించాడు. 1894లో హోప్పే జైలర్ దానికి చిటోసాన్ అని పేరు పెట్టాడు. క్షారం చేసే పని, గొలుసు పొడవునా ఎసిటైల్ ముక్కల్ని కోసి అమైన్ గుంపుల్ని బయటపెట్టడం. ఆ అమైన్లు రాగిని, నికెల్‌ను, క్రోమియంను పట్టుకుంటాయి. ఇటలీ శాస్త్రవేత్త ముజ్జారెల్లి 1969 నుంచి దీని మీదే పనిచేసి, 1977లో కైటిన్ అనే పుస్తకం రాశాడు.

మన దేశంలో కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రొయ్య పొట్టు నుంచి కైటిన్, చిటోసాన్ తీసే పద్ధతిని తయారుచేసి పరిశ్రమలకు ఇచ్చింది. రొయ్య తల, పెంకు కలిపి దాని బరువులో సగానికి దగ్గరగా ఉంటుంది. దేశంలో రొయ్యల సాగులో ముందున్నది ఆంధ్రప్రదేశ్. భీమవరం వైపు ప్రాసెసింగ్ ప్లాంట్ల పక్క నుంచి వెళ్లినవాళ్లకు ఆ వాసన వేరే చెప్పక్కర్లేదు. ఆ పెంకుల్ని ఆమ్లంలో వేస్తే సున్నం పోతుంది, క్షారంలో వేస్తే మాంసకృత్తులు పోతాయి, గాఢ క్షారంలో వేడిచేస్తే చిటోసాన్ మిగులుతుంది. పశ్చిమ గోదావరి వ్యర్థానికీ, నల్లగొండ అవసరానికీ మధ్య ఉన్నది ఒక పగటి ప్రయాణం దూరమే.

చిటోసాన్ ఒంటరిగా బలహీనమైనది. పులిసిన నీళ్లలో కరుగుతుంది, మామూలు నీళ్లలో ఉబ్బి మెత్తబడి దారి మూస్తుంది. అందుకే దానికి గట్టి ఆసరా కావలసి వచ్చింది. 2004లో థాయ్‌లాండ్‌లో బాబెల్, కుర్నియవాన్ కొబ్బరి చిప్ప బొగ్గుకు చిటోసాన్ పూసి క్రోమియం తీశారు. బొగ్గు గట్టిదనం, విశాలమైన లోపలి నేల ఇచ్చింది, చిటోసాన్ అమైన్లు ఇచ్చింది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రసాయనశాఖలో ప్లాస్టిక్ పూసల మీద చిటోసాన్ పూసి రాగి, నికెల్ తీసిన పని 2009లో అచ్చయింది. తమిళనాడులోని గాంధీగ్రామ్ గ్రామీణ సంస్థలో మీనాక్షి, విశ్వనాథన్, సాయిరామ్ సుందరం నేరుగా మా శత్రువు మీదికే వెళ్లారు. వట్టి చిటోసాన్ పూసలు కిలోకు 52 మిల్లీగ్రాముల ఫ్లోరైడే పట్టాయి. ఆమ్లంతో ఆవేశమెక్కిస్తే అది 1,664 అయింది. ఎముకలో ఉండే హైడ్రాక్సీ అపటైట్‌ను నానో పరిమాణంలో కలిపిన కాంపోజిట్ 1,560 పట్టింది. ఫ్లోరైడ్ మనిషి ఎముకను ఎందుకు వెతుక్కుంటుందో, ఆ కారణాన్నే వలగా మార్చారు. 2013లో మద్రాసు ఐఐటీలో ప్రదీప్ బృందం చిటోసాన్, అల్యూమినియం ఆక్సీహైడ్రాక్సైడ్ కలిపిన గింజలతో తక్కువ ఖర్చులో తాగునీటి శుద్ధి చూపింది. చిటోసాన్, అల్యూమినియం! రంపపు పొట్టు, పటిక గుర్తున్నవాళ్లకు ఆ జంట కొత్తగా అనిపించదు.

ఇందులో నిజమైన ముందడుగు ఉంది, దాన్ని తక్కువ చేయను. 320 నుంచి 1,560కి వెళ్లడమంటే, పైన వేసిన లెక్కలోనే, రెండు రోజుల కిలో దాదాపు పది రోజులకు వస్తుంది. కానీ నీటి పరీక్షకుడిగా నా అనుమానాలు నాకున్నాయి. చాలా వ్యాసాల్లో పెద్ద అంకెలు స్వేదనజలంలో సోడియం ఫ్లోరైడ్ కలిపి చూసినవి. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒంటరిగా రాదు. కాల్షియం తక్కువ, బైకార్బనేట్ చాలా ఎక్కువ, పీహెచ్ ఎనిమిది దగ్గర. ఆ బైకార్బనేట్ పీహెచ్‌ను పైకి నెట్టుతుంది, అదే చోటు కోసం పోటీ పడుతుంది. ఆమ్లంతో ఎక్కించిన ఆవేశం మా నీళ్లలో ఎంతసేపు నిలుస్తుందో మా నీళ్లతోనే చూడాలి.

ఇంటికి నది నీళ్లు వచ్చినా బోర్లు పూడలేదు. గొట్టం పగిలిన వారం, ఇటుక బట్టీల్లో వలస కూలీల గుడిసెల దగ్గర, పత్తి చేలలో మిట్టమధ్యాహ్నం, ఇప్పటికీ తాగేది ఆ నీళ్లే. పొదిలి, కనిగిరి వైపు అయితే ఇంకా ఎక్కువ. చిన్న పడకలకు అక్కడ చోటుంది. అక్కడికి కొత్త కాంపోజిట్ తెచ్చే పరిశోధకులు మా జిల్లా మర్రిగూడ బోరు నీళ్లతో, శుద్ధి చేయకుండా, పదిసార్లు నింపి పదిసార్లు కడిగి చూడాలని కోరుతున్నాను. ప్రతిసారీ ఎంత తగ్గిందో అంకె వేయాలి. కడిగిన క్షారం నీళ్లు ఎక్కడికి పోతాయో, దాంట్లో ఫ్లోరైడ్ ఎంతో రాయాలి. చివరికి అరిగిన గింజల్ని ఎవరు తీసుకెళ్తారో, ఆ మనిషికి జీతం ఎవరిస్తారో అదే కాగితం మీద ఉండాలి.